తోడు పేరు

లంచ్ అయ్యాక పిలుస్తానని చెప్పి కార్డుల కౌంటరు మేడం లేచి వెళ్లిపోయింది. గవర్నమెంటు లంచ్ ఎంతసేపో ఎవరూ చెప్పలేరు, అది ఆ పూట పప్పు ఎలా కుదిరిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఓంప్రకాశ్ వరండాలో బల్ల మీద కూర్చున్నాడు, కర్ర మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, తిరిగిన ప్రతిసారీ ఒక రెక్క ఎక్కడో తగిలి టక్కుమంటోంది, గాలి మాత్రం మొత్తం పక్కవాడికే పోతోంది. పక్కవాడు తమ్ముడు భానుచందర్. వాడి చొక్కా నుంచి దవాఖాన స్పిరిట్ వాసన వస్తోంది, ఎన్నిసార్లు ఉతికినా ల్యాబులో పనిచేసేవాడి బట్టల్లోంచి అది పోదు. ఫోన్లో ఎవరో ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుతున్నాడు. "మా అన్న రూముల స్విచ్చులు జర కిందికి పెట్టు భాయ్, చేతికి అందాలె. బాత్రూంల పట్టుకునేందుకు రాడ్ మర్చిపోకు." ఇంత మంచి తమ్ముడు లేకపోతే ఈ పని ఎంత తేలికయ్యేది! మేడం తిరిగొచ్చి అడిగేది ఒకటే ప్రశ్న, మీ వెంట తోడు ఎవరని. పాత రైలు పాసు కార్డు మీద అమ్మ పేరుంది. యాదవ్వ, తల్లి. అమ్మ పోయి ఏడాది దాటింది, పోయినవాళ్లను తోడు తీసుకుని రైలెక్కుతానంటే టీసీ ఊరుకోడు. ఆ గడిలో ఇక తన పేరే పడుతుందని భానుచందర్‌కు రవ్వంత అనుమానం కూడా లేదు. ఓంప్రకాశ్ నాలుక మీద ఉన్నది వేరే పేరు. పొద్దున స్నానాల గదిలో నల్లా పూర్తిగా తిప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున ఒకసారి పైకి అని చూసుకున్నాడు. పద్మలత. అన్నాక నల్లా కట్టేసి చాలాసేపు అలాగే నిలబడ్డాడు, తడి ఆరిపోయి చలి పుట్టేదాకా.

రూలు తనకు కంఠతా వచ్చు. ఫోను చదివి వినిపించింది, ఫోన్లో ఉండే ఆ ఆడగొంతు, కామా ఎక్కడో ఫుల్‌స్టాప్ ఎక్కడో పట్టించుకోకుండా గడగడా చదువుకుపోయే గొంతు. దానికి సిగ్గూ లేదు మొహమాటమూ లేదు, అందుకే చట్టాలు వినడానికి అంతకంటే మంచి గొంతు లేదనిపిస్తుంది. చూపు లేని మనిషి తన వెంట ఒక తోడును తీసుకుపోవచ్చు అంది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. ముందుకు జరిపి, కింద చిన్న అక్షరాల్లో ఏమైనా మెలిక పెట్టారేమోనని అదీ విన్నాడు. తోడు అంటే భార్య అనో, రక్తసంబంధం అనో, మగవాడికి మగవాడే ఉండాలనో ఎక్కడా లేదు. తోడు, అంతే. ఈ చట్టం రాసినవాడు ఎవడో గానీ తనుండే వరంగల్ కొత్తవాడలో పుట్టి ఉండడు. కొత్తవాడ గల్లీలో ఇంత పెద్ద మాటను ఇంత ఖాళీగా వదిలిపెట్టరు, ఎవరు, ఎవరి కోడలు, ఏం వరస, ఎందుకు, ఎప్పటినుంచి అని నాలుగు వైపులా మేకులు కొట్టి గాని వదలరు. చట్టానికి తెలియక వదిలిందో, తెలిసే వదిలిందో, ఆ ఖాళీలో ఒక మనిషి కూర్చునేంత చోటుంది. చట్టాలు తన జీవితంలోకి చోటు ఇవ్వడానికి రావడం ఇదే మొదలు. అంతకుముందు వచ్చింది చోటు తీసేయడానికే.

ఆ రోజు కూడా ఇలాగే ఫ్యాను కింద కూర్చున్నాడు, మిలట్రీ దవాఖాన వరండాలో, మొహమంతా కట్లు, ఇప్పటి ఫ్యాను టక్కుమన్నట్టే అప్పుడు ఎవరివో బూట్లు టక్కుమన్నాయి. జమ్మూ కాశ్మీర్‌లో రాజౌరి కొండల్లో మందుపాతర పేలిన తర్వాత ప్రాణం ఉంది, కాళ్లూ చేతులూ ఉన్నాయి, చూపొక్కటి పోయింది. అప్పటికి మీసాలు సరిగ్గా ముదరని వయసు. సాబ్, నన్ను ఉంచుకోండి అని అడిగాడు, వచ్చీరాని హిందీలో, ఏడవకుండా అడగాలని ఎంత అనుకున్నా ఏడుస్తూనే. టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చుంటాను సాబ్, రైఫిళ్లు తుడుస్తాను. తుడుస్తానన్నది ఊరికే అన్న మాట కాదు. ట్రైనింగ్‌లో కళ్లకు గంతలు కట్టి రైఫిల్ విప్పి మళ్లీ బిగించమనేవాళ్లు, అందులో ప్లటూన్ మొత్తానికి తనే మొదట ముగించేవాడు. చీకట్లో పనిచేయడం నేర్పించింది వాళ్లే కదా, చీకటి నిజంగా వచ్చాక వద్దనడమేమిటి? ఆ బూట్ల ఆఫీసరు భుజం మీద చెయ్యి వేశాడు, పెద్ద చెయ్యి, సిగరెట్ వాసన. "కానూన్ నహీ హై, బేటా" అన్నాడు. అలాంటి చట్టం లేదు. సంవత్సరాల తర్వాత మాజీ సైనికుల మీటింగులో సుబేదార్ రాజేశ్వర్ రావు చెప్పాడు, చట్టం ఉందయ్యా, దివ్యాంగుల కోసం చేసిన చట్టం, ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం వస్తే సర్కారు ఆ మనిషిని తీసేయకూడదు, చేయగలిగిన పనికి మార్చాలి. ఓంప్రకాశ్ కుర్చీలో ముందుకు వంగాడు. మరి? మరేముంది, సర్కారు తలుచుకుంటే ఏ శాఖకైనా దీన్నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని ఆ కిందే రాసుకున్నారు, ఫౌజులో కొట్లాడేవాళ్లకు ఆ మినహాయింపు పడింది. "క్లర్కుకు కండ్లు పోతే కుర్చీ ఉంటదట, సిపాయికి పోతే సలాం కొట్టి ఇంటికి పంపుతరట. ఏం ఇన్సాఫ్ ఇది ఓంప్రకాశ్?" అని రాజేశ్వర్ రావు మండిపడ్డాడు. ఆయన ఇప్పటికీ ఢిల్లీకి అర్జీలు పెడుతూనే ఉన్నాడు, ఆయన బతికుండగా ఢిల్లీకి మనశ్శాంతి లేదు. ఓంప్రకాశ్‌కు కోపం రాలేదు. అంతకంటే చెడ్డది వచ్చింది, తెల్లవారుజామున రోల్‌కాల్ కోసం లైన్లో నిలబడాలని, తన పేరు పిలిస్తే గొంతు చించుకుని పలకాలని, ఇనుప మగ్గులో టీ వేడికి పెదవి కాలాలని కోరిక. ఇంటికి పంపడం అనే మాటలో ఇల్లు ఎంత దూరమో వాళ్లకేం తెలుసు! వరంగల్ స్టేషన్లో అమ్మ చెయ్యి పట్టుకుని దించింది, రైలు పోయినా ఆ చెయ్యి వదల్లేదు.

"అన్నా, చాయ్ తాగుతవా?" భానుచందర్ ఫోను పెట్టేసి అడిగాడు. వద్దన్నాడు. "జర ఓపిక పట్టు. వచ్చినంక రెండు నిమిషాల పని. నా ఆధార్ గూడ తెచ్చిన." తెస్తావురా, నువ్వు తేకపోతే ఎవరు తెస్తారు. బయట రోడ్డు మీద ఆటోలు కాజీపేట కాజీపేట అని అరుస్తున్నాయి, ఎక్కడో మిర్చీలు నూనెలో పడ్డ వాసన. హనుమకొండకు వచ్చినప్పుడల్లా ఇక్కడి గాలిలో నూలు వాసన లేదని తడుముకుంటాడు. తమ్ముడి అపార్టుమెంటులో కూడా ఉండదు. లిఫ్టు ఉంటుంది, నేల చల్లగా నున్నగా ఉంటుంది, తనకోసం కిందికి దించిన స్విచ్చులు ఉంటాయి. మగ్గం మాత్రం పట్టదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసే జంపఖానా మగ్గం ఏ ఫ్లాటులో పడుతుంది? తోడు కింద వాడి పేరు పడితే ఉండేదీ వాడి ఇంట్లోనే, ఈ నెలాఖరుకే సామాను కదులుతుంది, ఆ సంగతి ఎప్పుడో అనుకున్నదే, మగ్గం విప్పి కట్టెలు అమ్మేస్తారు, ఇప్పుడు తన పక్కన కూర్చుని నేసే పద్మలత ఇంకెవరి మగ్గం మీదో పనికి పోతుంది. పనికి ఆమెకు కొదవేముంది, ఆ చెయ్యి పడితే జంపఖానా నీళ్లు పోసినా నిలిచేంత చిక్కగా వస్తుంది. ఆమె ఇంకొకరి పక్కన కూర్చోవడం అనుకోగానే ఓంప్రకాశ్ ఒళ్లో ఉన్న కర్రను గట్టిగా పట్టుకున్నాడు. అదేం బుద్ధి, సిగ్గులేదా అని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకున్నా పట్టు సడలలేదు.

మగ్గం దగ్గరికి తనను మొదట కూర్చోబెట్టింది నాన్న పర్శరాములు. ఫౌజు వద్దన్న మనిషిని మగ్గం వద్దనలేదు. చారల జంపఖానాకు కళ్లతో పనేముందిరా, నువ్వు సగం దాకా నూలు కండె తోయి, మిగతా సగం మీ అమ్మ లాక్కుంటది అన్నాడు. పడుగు దారాల మీద అరచెయ్యి పరిచిన మొదటి రోజు గుర్తుంది, వాన కురుస్తున్నట్టు వేళ్ల కింద సన్నగా కదిలాయి. ఇనుప పంజా, ఐదు వేళ్ల చెయ్యిలాంటిది, దానితో వేసిన దారాన్ని కిందికి కొట్టాలి. ఇద్దరి దెబ్బా ఒకటే బరువుతో పడాలి, లేకపోతే ఇద్దరి నేతా కలిసే చోట నడిమధ్యలో ఉబ్బు వస్తుంది. కళ్లున్న జంట ఒకరినొకరు చూసుకుంటారు, కండె మధ్యకు వచ్చిందా లేదా అని. అమ్మానాన్నలకు అంతకుముందే ఒక గుర్తు ఉండేది. వాళ్లిద్దరికీ మాటలు లేని రోజులు చాలానే ఉండేవి, నాన్న సాయంత్రం కల్లుకు పోయిన మర్నాడల్లా అమ్మ నోరు విప్పేది కాదు. కానీ పని ఆగకూడదు. అమ్మ తన సగం అయిపోగానే పంజాతో మగ్గం కట్టె మీద రెండుసార్లు కొట్టేది. టక్, టక్. నా దిక్కు అయింది, ఇగ నీ వంతు. నాన్న నవ్వాపుకుంటూ కండె అందుకునేవాడు. పిల్లలప్పుడు తనూ భానుచందరూ అన్నం పళ్లేల మీద అదే కొట్టుకునేవాళ్లు, వాడు బడిలో బల్ల మీద కొట్టి సారుతో దెబ్బలు కూడా తిన్నాడు. కళ్లు పోయాక ఆ గుర్తే తనకు దారయింది. నాన్న పోయాక కూడా అమ్మ అలాగే పక్కన కూర్చుంది, టక్ టక్. అమ్మ భుజం పట్టేసి చెయ్యి లేవకుండా అయినప్పుడు, రెండిళ్ల అవతల ఉండే పద్మలతను ఆమే తీసుకొచ్చి తన చోట కూర్చోబెట్టి ఆ టక్ టక్ నేర్పింది.

పద్మలత భర్త బతుకుదెరువుకు బొంబాయి పక్క భివండి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. అత్త చిలుకమ్మ, ఆమె, ఇద్దరే ఇంట్లో. పరాయి మగవాడి పక్కన కోడలు కూర్చుంటుంది కాబట్టి చిలుకమ్మ గడపలో రాట్నం వేసుకుని కండెలు చుడుతూ కూర్చుంటుంది, ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా ఆ గడప ఖాళీగా లేదు. గల్లీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలకుండా రాట్నం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. మొదట్లో నేత అంతా నడుమ ఉబ్బేది. తన దెబ్బ బరువు, సిపాయి దెబ్బ, ఆమెది తేలిక. "అన్నా, జర మెల్లగ కొట్టు, దారం ఏం తప్పు చేసింది?" అంది ఒకరోజు, అమ్మ పగలబడి నవ్వింది. రోజులు పోగా పోగా ఎవరు తగ్గారో ఎవరు పెరిగారో తెలియదు, ఒక పొద్దున మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే చదునుగా ఉంది, అతుకు ఎక్కడుందో దొరకలేదు. రంగుల పేర్లు ఆమె అందరిలా చెప్పదు. ఎరుపు అనదు, ఎండిన మిరపకాయ అంటుంది. పసుపులో రెండు రకాలుంటే ఒకటి పెండ్లి పసుపు, ఒకటి జ్వరం పసుపు. అలా చెబితేనే తనకు కనిపించేది. కళ్లు పోయినా చాలాకాలం రంగులు లోపల అలాగే ఉండేవి, ఈమధ్య ఒక్కొక్కటే వెలిసిపోతున్నాయి, ఆకుపచ్చ ఎలా ఉండేదో ఒక రోజంతా తన్నుకున్నా రాలేదు, సాయంత్రం ఆమె, అప్పుడే కడిగిన కొత్తిమీర కట్ట అనగానే గభాలున వచ్చి కూర్చుంది. ఇంకో సంగతి ఉంది, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆమె అన్నా అని పిలవడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కచ్చితంగా తెలియదు, కానీ మానేసింది. గల్లీలో తిరిగే కుక్కకు తప్ప అందరికీ ఏదో ఒక వరస ఉంటుంది, బావో బాబాయో పటేలో. ఆమె తనను ఏమనీ పిలవదు. విన్నవా అంటుంది, ఇగో అంటుంది, ఏమీ అనకుండానే మాట మొదలుపెడుతుంది. ఆ పిలవకపోవడం కోసం పొద్దున్నే లేచి మగ్గం దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు, ఆమె ఇంకా రాకముందే.

చివరగా చూసింది మంచు. ఆ రోజు గస్తీలో కొండ వంపు తిరిగేసరికి అవతలి కొండ మీద పొద్దు పడింది, తెల్లటి మంచు ఒక్కసారిగా రంగెక్కింది. గులాబీ కాదు, నారింజ కాదు, బంగారం అంతకన్నా కాదు. రంగు అని పేరు పెట్టేలోపే మారిపోయే రంగు. ఒక్క క్షణం నిలబడి చూశాడు, వెనకనున్న జవాను చల్ చల్ అన్నాడు, నడిచాడు, ఆ తర్వాత చూడడం అనేది లేదు. మిగతా రంగులన్నీ వెలిసిపోతున్నా ఆ ఒక్కటి వెలవలేదు. ఇది ఆమెకు చెప్పాడు, ఎవరికీ చెప్పనిది, కండె తోస్తూ. తర్వాత రోజూ ప్రశ్నలే. మామిడిపండు తొక్క తీసినంక లోపలి రంగా? కాదు. పసిపిల్ల అరికాలా? కొంచెం దగ్గర. పాలల్ల కుంకుమపువ్వు పడ్డట్టా? ఆ, దానికి ఇంకొంచెం దూరంలో. రంగులద్దే ఆయన్ని పీకి పీకి, వద్దన్నవి మూడు తిప్పి పంపి, చివరికి ఒక నూలు అద్దించుకొచ్చింది. ఇప్పుడు మగ్గం మీద ఉన్నది అదే, తెల్లటి నేత మీద ఆ రంగు చార. అది సరైన రంగో కాదో తను చెప్పలేడు, ఆమె చూడలేదు. ఇద్దరిలో చూసినవాడికి చూపు లేదు, చూపున్నామె చూడలేదు. "నన్ను ఆడికి తీస్కపో. దీని ముక్క ఒకటి వట్టుకొని, పొద్దు వడ్డప్పుడు మంచు పక్కకు వెట్టి చూస్త. ఒకటేనా కాదా నీకు చెప్త" అంది. నవ్వుతూ అందనుకున్నాడు. రాట్నం చప్పుడు మధ్యలో చెవి పెట్టి వింటే ఆ గొంతులో నవ్వు లేదు. అప్పటినుంచి రైలు శబ్దం వినిపిస్తే చాలు, కాజీపేట వైపు పోయే గూడ్సు బండి అయినా సరే, ఓంప్రకాశ్ చెయ్యి కండె మీద ఆగిపోతుంది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుంటారు, ఆమె బయట ఉన్నదంతా తన భాషలో చెబుతూ ఉంటుంది, ఏ ఊరు, ఏ పైరు, ఎవరి ఇంటి మీద ఎండేసిన చీర ఏ రంగు. చలికి ఆమె పళ్లు టకటకలాడుతుంటే తను నవ్వుతాడు. కొండ మీద ఆమె ముక్క పైకెత్తి పట్టుకుంటుంది. ఆ తర్వాత ఏం చెబుతుందో ఊహించుకోడు, అక్కడికి రాగానే ఆపేసి మళ్లీ మొదటినుంచి, వరంగల్ స్టేషన్ నుంచి మొదలుపెడతాడు.

కిందటి వారం ఆమే అడిగింది. "మీ అమ్మ పేరు తీసేస్తే ఎవలది వెడ్తరు?" తను తేలిగ్గా తమ్మునిది కావచ్చు అన్నాడు. ఆమె ఊఁ అంది. పని సాగింది. మర్నాడు నేత మీద అరచెయ్యి జరుపుతుంటే మధ్యలో ఉబ్బు తగిలింది. ఇన్నేళ్ల తర్వాత. తన దెబ్బ మారలేదు, మారితే తనకు తెలుస్తుంది. ఆమెది మారింది, కొన్ని వరసల పాటు, ఆ మాట తర్వాత. ఉబ్బొస్తే విప్పి మళ్లీ నేయడం ఆమె పద్ధతి, చిన్న తప్పునైనా వదలదు. దీన్ని విప్పుదామనలేదు, తనూ అనలేదు. ఆ ఉబ్బు మీద చెయ్యి పెట్టుకుని చిలుకమ్మకు అనుమానం రాకుండా ఎంతసేపు కూర్చోగలడో అంతసేపు కూర్చున్నాడు. ఇప్పుడు ఈ బల్ల మీద కూర్చుని తను నమ్ముకున్నది ఆ ఒక్క ఉబ్బునే. అది ఆమె చెయ్యి నొప్పి వల్ల వచ్చి ఉంటే? నూలు సరిగ్గా వడకకపోయి ఉంటే? పేరు చెప్పిన తర్వాత ఆమె కాదంటే రేపటినుంచి మగ్గం మీద ఇద్దరూ కూర్చోలేరు, గల్లీలో ఆమె తలెత్తుకోలేదు, ఉన్నది కూడా పోతుంది. తమ్ముడి పేరు చెబితే ఏదీ పోదు, మెల్లగా అన్నీ పోతాయి. ఫ్యాను టక్కుమంది. పక్కన భానుచందర్ ఆవులించి, అన్న మెడ మీద చొక్కా కాలరు మడత పడితే సరిచేశాడు.

లోపల మేడం కుర్చీ కీచుమంది. "ఓంప్రకాశ్ గారు, రండి." తమ్ముడి చెయ్యి మోచేతి కిందికి వచ్చింది. కౌంటరు అంచు చల్లగా చేతికి తగిలింది, లోపల కీబోర్డు చప్పుడు.

"పాత కార్డుల తోడు యాదవ్వ అని ఉన్నది, తల్లి. ఇప్పుడు ఎవరి పేరు రాయాలె?"

"భానుచందర్ మేడం. నేనే, తమ్మున్ని" అని వాడు ఆధార్ తీసి గాజు పలక మీద పెట్టాడు.

"కాదు" అన్నాడు ఓంప్రకాశ్. తన గొంతు తనకే పెద్దగా వినిపించింది, రోల్‌కాల్‌లో పలికినట్టు. "పద్మలత. కొత్తవాడ."

మోచేతి కింద ఉన్న చెయ్యి కదలలేదు. కీబోర్డు ఆగింది. "మీకేమైతరు?"

"బంధువే కావాలని రూల్ల లేదు మేడం."

"లేదు, నిజమే. ఊరికే అడిగిన."

ఊరికే అడిగిన ప్రశ్నే ఊళ్లో అందరూ అడిగేది. వరసలన్నీ వెతికాడు, ఏ వరసా లేదు, ఆమే తీసేసింది కదా. "నా మగ్గం మీద అవతలి దిక్కు కూసుంటది" అన్నాడు.

వెనక లైన్లో ఎవరో చిన్నగా దగ్గారు. మేడం గొంతు తగ్గించింది. "సరే సార్. మరి ఆమె ఒప్పుకున్నదా?"

"అడగలే."

"అడగకుండ ఎట్ల రాయమంటరు? ఆడమనిషి పేరు. ఫోన్ చేయుండ్రి, ఆమె నోటితోని అంటె రాస్త. రేపు వచ్చి సంతకం పెట్టిపోవాలె."

"అన్నా" అన్నాడు భానుచందర్. ఆ ఒక్క మాటలో కిందికి దించిన స్విచ్చులు, గోడకు బిగించిన రాడ్డు అన్నీ ఉన్నాయి, ఓంప్రకాశ్‌కు అన్నీ వినిపించాయి. ఫోను తీసి వేలితో తడిమాడు. మగ్గం, అంది ఆడగొంతు, అందరికీ వినిపించేలా. ఆమె పేరు ఫోన్లో అలాగే దాచుకున్నాడు, ఎవరి చెవినా పడకూడదని. మేడం వినాలి కదా అని స్పీకర్ పెట్టాడు, ఒక రింగు, రెండు రింగులు.

"ఆ, చెప్పు. అయ్యిందా పని?" తను లేకున్నా మగ్గం దగ్గరే ఉన్నట్టుంది, వెనక చిలుకమ్మ రాట్నం గిర్రుమంటోంది.

"తోడు కింద నీ పేరు చెప్పిన. నువ్వు ఒప్పుకుంటెనే రాస్తరట."

రాట్నం ఆగిపోయింది. చిలుకమ్మ కూడా విన్నదన్నమాట. ఎంత పిచ్చి పని చేశాను, గడపలో అత్తను కూర్చోబెట్టుకుని ఒక ఆడమనిషి ఏం చెబుతుంది, ఏ మాట అన్నా ఆ మాట గల్లీ చివరిదాకా పోతుంది, వెనక్కి తీసుకోలేదు, నేను తీసుకోలేను. ఫోన్లోంచి మగ్గం ఇల్లు మొత్తం వినిపిస్తోంది, ఎవరూ మాట్లాడకపోతే ఆ ఇంట్లో ఉండే చప్పుడు, దూరంగా పక్కింటి మగ్గం, ఇంకా దూరంగా ఏదో బండి హారను. ఇక్కడ తలమీద ఇంకో ఫ్యాను. నూలు వాసన వచ్చినట్టయింది, ఫోన్లోంచి వాసన ఎలా వస్తుంది? కట్ చేయనా అనుకున్నాడు, పొరపాటున అన్నానని చెప్పనా. కొండ మీద ముక్క పైకెత్తి పట్టుకున్న చెయ్యి కిందికి దిగుతూ ఉంది. ఒక్క మాట, కాదనే మాటైనా సరే, ఆ గొంతుతో.

మాట రాలేదు. ఇనుప పంజా కట్టె మీద పడ్డ చప్పుడు వచ్చింది. టక్. టక్.

కాసేపటికి రాట్నం మళ్లీ మెల్లగా కదిలింది.

"ఏమన్నరు? సిగ్నల్ పోయిందా?" అంది మేడం. ఓంప్రకాశ్‌కు నల్లద్దాల కింద నుంచి తడి చెంపల మీదికి వస్తుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. మోచేతి కింద ఉన్న తమ్ముడి చెయ్యి అప్పుడు తొలగిపోయింది. గాజు పలక మీది నుంచి ఆధార్ కార్డు తీసిన చిన్న చప్పుడు, జేబులో పెట్టుకున్న చప్పుడు. ఆ చెయ్యి మళ్లీ రాలేదు. ఓంప్రకాశ్ ఒక్కడే కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

భానుచందర్ గొంతు సవరించుకున్నాడు.

"రాసుకోండి మేడం" అన్నాడు. "ఆమె దిక్కు అయింది. ఇగ మా అన్న వంతే."